ఆన్‌లైన్ ఐక్యూ టెస్ట్: ఫోన్‌లో వచ్చిన ఆ నంబర్‌ను నమ్మొచ్చా? తల్లిదండ్రులు, విద్యార్థులు తప్పక తెలుసుకోవాల్సిన విషయాలు

ఇబ్రహీంపట్నం: "కేవలం 20 ప్రశ్నలు.. 10 నిమిషాల్లో మీ ఐక్యూ తెలుసుకోండి". రీల్స్ చూస్తుంటే మధ్యలో ఇలాంటి యాడ్ ఎప్పుడో ఒకప్పుడు తగిలే ఉంటుంది. టైంపాస్‌కు ఆడుకుంటే ఎవరికీ నష్టం లేదు. సమస్యంతా చివర్లో వచ్చే ఆ నంబర్‌తోనే. 140 వస్తే వాట్సాప్ స్టేటస్‌లోకి ఎక్కుతుంది. అదే 85 వస్తే? ఆ పిల్లాడు లోలోపల కుంగిపోవచ్చు. "మావాడికి లెక్కలు ఎక్కవులే" అని ఇంట్లోవాళ్లు అక్కడికక్కడే తేల్చేయవచ్చు.

రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం లాంటి చోట ఈ విషయం ఇంకా ముఖ్యం. సాగర్ హైవే వెంట శేరిగూడ, మంగళ్‌పల్లి, ఖానాపూర్ వైపు ఇంజినీరింగ్ కాలేజీలు వరుసగా కనిపిస్తాయి. పక్కనే ఆదిభట్లలో టీసీఎస్ క్యాంపస్ ఉంది. ఒకవైపు ప్లేస్‌మెంట్ టెస్టుల కోసం ఆన్‌లైన్‌లో ప్రాక్టీస్ చేసే విద్యార్థులు. మరోవైపు తెలుగు మీడియం నుంచి ఇంగ్లిష్ మీడియంలోకి మారిన ఊరి పిల్లలు. ఇద్దరి చేతిలోనూ ఫోన్ ఉంది, ఇద్దరికీ అదే లింక్ వస్తుంది. మరి ఆ టెస్టుల్లో నిజమెంత? ఎక్కడ తేడా కొడుతుంది? అసలు టెస్ట్ ఎక్కడ చేయించాలి? పూర్తి వివరాలు చూద్దాం.

ముఖ్యాంశాలు

- ఫోన్‌లో చేసే చాలా ఐక్యూ క్విజ్‌లు వినోదం వరకే. ఆ స్కోర్‌తో చదువు, ఉద్యోగం, వైద్యం విషయంలో నిర్ణయం తీసుకోవద్దు.
- అసలు ఐక్యూ టెస్టును శిక్షణ ఉన్న నిపుణులు ఎదురుగా కూర్చుని, గంట నుంచి గంటన్నర పాటు చేస్తారు.
- "ఫ్రీ టెస్ట్" అని మొదలుపెట్టి రిజల్ట్ దగ్గర డబ్బులడిగితే జాగ్రత్త. ఆటోపే ఆన్ అయిపోయే ప్రమాదం ఉంది.
- పిల్లల చదువుపై అనుమానం ఉంటే సికింద్రాబాద్‌లోని ఎన్ఐఈపీఐడీ లాంటి సంస్థలను సంప్రదించవచ్చు.

అసలు ఈ ఐక్యూ ఎలా పుట్టింది?

1905లో ఫ్రాన్స్‌కు చెందిన ఆల్‌ఫ్రెడ్ బినె, థియోడర్ సిమోన్ తొలి ఆధునిక తెలివితేటల పరీక్షను తయారుచేశారు. ఎందుకో తెలుసా? జీనియస్‌లను వెతకడానికి కాదు. బడిలో వెనకబడిన పిల్లల్లో ఎవరికి ప్రత్యేక సాయం కావాలో గుర్తించడానికి. తెలివి అనేది పుట్టుకతో ఫిక్స్ అయిపోయేది కాదని, సరైన శిక్షణతో పెరుగుతుందని బినె నమ్మారు.

ఆ తర్వాత 1912లో జర్మన్ శాస్త్రవేత్త విలియం స్టెర్న్ "ఇంటెలిజెన్స్ కోషెంట్" అనే మాట తెచ్చారు. దాని పొట్టి రూపమే ఐక్యూ. 1916లో అమెరికాలో లూయిస్ టెర్మన్ బినె పరీక్షను మార్చి స్టాన్‌ఫర్డ్-బినె టెస్టును విడుదల చేశారు. 1939లో డేవిడ్ వెక్స్‌లర్ పెద్దవాళ్ల కోసం మరో పరీక్ష తెచ్చారు. ఈరోజు ఆస్పత్రుల్లో ఎక్కువగా వాడే వెక్స్‌లర్ టెస్టులకు మూలం అదే.

మన దేశంలోనూ దీనికి చరిత్ర ఉంది. వి.వి.కామత్ 1930ల్లో బినె పరీక్షను కన్నడ, మరాఠీ పిల్లలకు తగ్గట్టు మార్చారు. అదే బినె-కామత్ టెస్ట్. నాగ్‌పూర్‌లో ఆర్థర్ మాలిన్ 1969లో భారతీయ పిల్లల కోసం తెచ్చిన పరీక్షను ఎంఐఎస్ఐసీ అంటారు. పరాయి దేశపు పరీక్షను ఉన్నది ఉన్నట్టు మన పిల్లలకు పెడితే కుదరదని అప్పట్లోనే గుర్తించారన్నమాట.

100 అంటే సగటు.. మిగతా లెక్క ఇదీ

ఐక్యూ అనేది ఎత్తు, బరువులా నేరుగా కొలిచేది కాదు. మీ వయసువాళ్లతో పోలిస్తే మీరు వరుసలో ఎక్కడ నిలబడ్డారో చెప్పే నంబర్ మాత్రమే. సగటును 100 అనుకుంటారు. 100 మందిలో దాదాపు 68 మందికి 85 నుంచి 115 మధ్య వస్తుంది. దాదాపు 95 మంది 70 నుంచి 130 మధ్యే ఉంటారు. 

అంటే 130 దాటేవాళ్లు 44 మందిలో ఒకరు. 140 దాటేవాళ్లు సుమారు 260 మందిలో ఒకరు. 145 దాటాలంటే సుమారు 740 మందిలో ఒకరై ఉండాలి. ఇక 160 అయితే 31 వేల మందికి పైగా జనంలో ఒక్కరు!

ఈ లెక్కతో ఏ ఆన్‌లైన్ టెస్టునైనా మీరే చెక్ చేయొచ్చు. 60 మంది ఉన్న క్లాస్ వాట్సాప్ గ్రూప్‌లో ఓ లింక్ తిరిగింది అనుకుందాం. అందులో 15 మందికి 140 పైన వచ్చింది. లెక్క ప్రకారం అలాంటి క్లాసులో ఆ స్కోర్ ఒక్కరికి వచ్చినా గొప్పే. ఎంట్రెన్స్ రాసి సీటు తెచ్చుకున్న క్లాస్ కాబట్టి కాస్త ఎక్కువమందికి వచ్చిందనుకున్నా 15 మంది అసాధ్యం. అంటే పిల్లలంతా జీనియస్‌లని కాదు, ఆ టెస్ట్ స్కోర్‌లను పెంచి చూపిస్తోందని అర్థం. ఎందుకు పెంచుతుంది? సింపుల్. ఎక్కువ స్కోర్ వచ్చినవాళ్లే షేర్ చేస్తారు. షేర్ చేస్తేనే కొత్తవాళ్లు క్లిక్ చేస్తారు.

టెస్ట్ నమ్మదగిందా? కాటా లెక్క గుర్తుపెట్టుకోండి

అంగడిలో కూరగాయల కాటానే తీసుకోండి. ఒకే కిలో టమాటాలను మూడుసార్లు పెడితే మూడుసార్లూ ఒకే బరువు చూపించాలి. ఒకసారి 900 గ్రాములు, ఇంకోసారి 1,100 గ్రాములు చూపిస్తే ఆ కాటా పనికిరాదు. నిలకడగా ఒకే ఫలితం రావడమే మొదటి షరతు.

కానీ అది ఒక్కటే చాలదు. కాటా ప్రతిసారీ 1,200 గ్రాములే చూపిస్తోంది అనుకోండి. నిలకడ ఉంది, నిజం లేదు. కొలవాల్సినదాన్ని సరిగ్గా కొలుస్తోందా అన్నది రెండో షరతు. ఐక్యూ టెస్టుకు ఈ రెండూ ఉండాలి.

నిలకడను నిపుణులు 0 నుంచి 1 మధ్య ఒక అంకెతో చెబుతారు. ఒక మనిషి గురించి నిర్ణయం తీసుకోవాలంటే అది 0.9 పైన ఉండాలన్నది సాధారణ నియమం. 2008లో వచ్చిన వెక్స్‌లర్ అడల్ట్ టెస్ట్ నాలుగో వెర్షన్‌లో మొత్తం స్కోర్‌కు ఇది 0.98. అంత మంచి టెస్ట్ కూడా "మీ ఐక్యూ కచ్చితంగా 112" అని ఢంకా బజాయించి చెప్పదు. అటూ ఇటూ కొన్ని పాయింట్ల తేడా ఉండొచ్చని రిపోర్టులోనే ఒక రేంజ్ ఇస్తుంది. ఫోన్‌లో చేసే క్విజ్ మాత్రం 10 నిమిషాల్లో ఒకే ఒక్క నంబర్ చేతిలో పెడుతుంది. తేడా ఇక్కడే ఉంది.

ఫోన్ టెస్టులు ఎక్కడ తేడా కొడతాయి?

1. ఎవరితో పోలుస్తున్నారో తెలియదు: వెక్స్‌లర్ నాలుగో వెర్షన్‌ను మార్కెట్లోకి తెచ్చే ముందు అమెరికాలో 16 నుంచి 90 ఏళ్ల మధ్య ఉన్న 2,200 మందిపై పరీక్షించారు. వయసు, చదువు, ప్రాంతం అన్నీ చూసి ఎంపిక చేశారు. భారత్‌కు విడిగా వెర్షన్ తెచ్చారు. మరి ఫోన్‌లో లింక్ క్లిక్ చేసినవాళ్లు ఎవరు? పజిల్స్ అంటే ఇష్టమున్నవాళ్లు, ఖాళీగా ఉన్నవాళ్లు, ఆరోసారి రాస్తున్నవాళ్లు. ఇలాంటి గుంపుతో పోల్చి "మీరు టాప్ 5 శాతం" అంటే ఆ మాటకు విలువ లేదు. చాలా సైట్లు ఆ పోలిక వివరాలు కూడా చెప్పవు.

2. ప్రశ్నలు చాలా తక్కువ: 20 ప్రశ్నలుంటే రావడానికి వీలున్న మార్కులు 0 నుంచి 20 దాకా, అంతే. ప్రతి ప్రశ్నకు నాలుగు ఆప్షన్లు ఉంటే కళ్లు మూసుకుని నొక్కినా సగటున 5 కరెక్ట్ అవుతాయి. అదృష్టం కలిసొచ్చి ఒకట్రెండు ఎక్కువ తగిలితే స్కోర్ అమాంతం మారిపోతుంది. ఇంత చిన్న టెస్ట్ 140కి, 150కి మధ్య తేడా పట్టుకోవడం జరగని పని.

3. పరిస్థితులు ఒకేలా ఉండవు: ఒకరు నిశ్శబ్దంగా ఉన్న గదిలో ల్యాప్‌టాప్‌పై చేస్తారు. ఇంకొకరు కిక్కిరిసిన ఆర్టీసీ బస్సులో, పగిలిన స్క్రీన్‌పై, సిగ్నల్ వచ్చీ పోతుంటే చేస్తారు. మధ్యలో కాల్ వస్తుంది. టైమర్ మాత్రం ఆగదు. ఇద్దరి స్కోర్‌లలో కనిపించే తేడా తెలివిది కాకపోవచ్చు.

4. రెండోసారి చేస్తే పెరుగుతుంది: అవే తరహా ప్రశ్నలు మళ్లీ చేస్తే స్కోర్ పెరగడం మామూలే. తెలివి రాత్రికి రాత్రే పెరగలేదు, ప్రశ్న అలవాటైంది. అందుకే నిపుణులు ఒకే టెస్టును వెంటవెంటనే మళ్లీ పెట్టరు.

5. భాష అడ్డొస్తుంది: ఇది మన పిల్లలకు అన్నింటికంటే పెద్ద సమస్య. ఇంగ్లిష్‌లో "ఈ పదానికి వ్యతిరేకం ఏంటి?" అని అడిగితే కొలిచేది ఇంగ్లిష్‌ని, బుర్రను కాదు. తెలంగాణ సర్కారు బడుల్లో 2022-23 నుంచే 1 నుంచి 8వ తరగతి వరకు ఇంగ్లిష్ మీడియం మొదలైంది. ఇంట్లో తెలుగో, ఉర్దూనో, లంబాడీనో మాట్లాడే పిల్లాడు ప్రశ్న అర్థం చేసుకునేసరికే టైం అయిపోతుంది.

ఇది కొత్త సమస్య కాదు. మొదటి ప్రపంచ యుద్ధం సమయంలో అమెరికా సైన్యం లక్షల మందికి ఇలాంటి పరీక్ష పెట్టింది. ఇంగ్లిష్ రానివాళ్ల కోసం బొమ్మల టెస్ట్ విడిగా తయారుచేశారు. అందులో ఒక బొమ్మ టెన్నిస్ కోర్టు. ఏం మిస్సయిందో చెప్పాలి. జవాబు: నెట్. జన్మలో టెన్నిస్ చూడని వలస కూలీకి అది తట్టకపోతే తెలివి లేనట్టా? మాటలు తీసేసి బొమ్మలు పెట్టినంత మాత్రాన టెస్ట్ అందరికీ సమానం అయిపోదు.

6. టెస్టులూ పాతబడతాయి: 1984లో జేమ్స్ ఫ్లిన్ అనే పరిశోధకుడు ఓ ఆసక్తికర విషయం బయటపెట్టారు. 1932 నుంచి 1978 మధ్య అమెరికన్ల సగటు స్కోర్ దాదాపు 14 పాయింట్లు పెరిగింది. అందుకే అసలు టెస్టులను కూడా కొన్నేళ్లకోసారి కొత్త జనంపై మళ్లీ సరిచూస్తారు. పాత లెక్కలతో కొలిస్తే స్కోర్ ఎక్కువ చూపిస్తుంది. ఏ ఏడాది లెక్కలో చెప్పని ఫోన్ క్విజ్ సంగతి ఇక చెప్పక్కర్లేదు.

అలాగని ఆన్‌లైన్ టెస్టులన్నీ బోగసేనా?

కాదు. ఆన్‌లైన్ అనేది సమస్య కాదు, ఎవరు ఎలా తయారుచేశారన్నదే ముఖ్యం. 2012లో ఆడమ్ హాంప్‌షైర్, ఏడ్రియన్ ఓవెన్ తదితర శాస్త్రవేత్తలు లక్ష మందికి పైగా పాల్గొన్న ఆన్‌లైన్ పరీక్షల ఫలితాలను "న్యూరాన్" జర్నల్‌లో ప్రచురించారు. మొత్తం 12 రకాల టాస్కులు పెట్టారు. జ్ఞాపకశక్తి, తర్కం, మాటలకు సంబంధించిన సామర్థ్యం.. వీటన్నింటినీ ఒకే ఒక్క నంబర్‌లో ఇరికించలేమన్నది వాళ్ల వాదన. దీనిపై ఇతర శాస్త్రవేత్తలు విభేదించారు కూడా. 

ఐసీఏఆర్ అనే మరో ప్రాజెక్ట్ ఉంది. పరిశోధకులు ఉచితంగా వాడుకునే ప్రశ్నల బ్యాంక్ ఇది. డేవిడ్ కాండన్, విలియం రెవెల్ 2014లో దీని వివరాలు ప్రచురించారు. ఇందులోని 16 ప్రశ్నల టెస్ట్ నిలకడ సుమారు 0.8. వేల మందిపై చేసే పరిశోధనకు అది బాగానే సరిపోతుంది. ఒక పిల్లాడి భవిష్యత్తు తేల్చడానికి మాత్రం చాలదు.

అత్యధిక ఐక్యూ ఉన్నవాళ్ల సంస్థగా పేరున్న మెన్సా విషయమే చూడండి. 1946లో ఇంగ్లండ్‌లో మొదలైన ఈ సంస్థలో టాప్ 2 శాతం స్కోర్ ఉన్నవాళ్లకే సభ్యత్వం. మెన్సా సైట్‌లోనూ సరదా క్విజ్ ఉంటుంది. కానీ దాని స్కోర్‌తో సభ్యత్వం ఇవ్వరు. పర్యవేక్షణలో జరిగే పరీక్ష రాయాల్సిందే. ఐక్యూ మీదే నడిచే సంస్థ కూడా ఆన్‌లైన్ క్విజ్‌ను లెక్కలోకి తీసుకోవడం లేదంటే మిగతా లింకుల సంగతి అర్థం చేసుకోవచ్చు.

ప్లేస్‌మెంట్, నవోదయ టెస్టులు ఐక్యూ టెస్టులేనా?

చాలామంది ఇక్కడే కన్ఫ్యూజ్ అవుతారు. టీసీఎస్ నేషనల్ క్వాలిఫయర్ టెస్ట్ లాంటివి, కాలేజీల్లో కంపెనీలు పెట్టే ఆప్టిట్యూడ్ రౌండ్‌లు ఐక్యూ చెప్పవు. ఆ ఉద్యోగానికి పనికొచ్చే లెక్కలు, లాజిక్, ఇంగ్లిష్ ఎంతవరకు వచ్చో చూస్తాయి. ప్రాక్టీస్ చేస్తే స్కోర్ పెరుగుతుంది, పెరగాలి కూడా. 

నవోదయ 6వ తరగతి ప్రవేశ పరీక్షలో మెంటల్ ఎబిలిటీకి 40 ప్రశ్నలు, 50 మార్కులు ఉంటాయి. ఆ పరీక్షను తెలుగులోనూ రాయొచ్చు. 8వ తరగతి వాళ్లు రాసే ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్షలో మెంటల్ ఎబిలిటీకి 90 ప్రశ్నలు ఉంటాయి. ఎంపికైతే ఏడాదికి రూ.12 వేలు. ఇవి సీటు కోసం, స్కాలర్‌షిప్ కోసం పోటీ పరీక్షలు. వీటిలో మార్కులు తగ్గాయని పిల్లలకు తెలివి తక్కువ అనుకోవడం పొరపాటు. ఫోన్‌లోని ఐక్యూ క్విజ్ చేస్తే ఈ పరీక్షలకు ప్రిపేర్ అయినట్టూ కాదు. పాత ప్రశ్నపత్రాలు ప్రాక్టీస్ చేయడమే కరెక్ట్ దారి.

టెస్ట్ ఫ్రీ.. రిజల్ట్‌కు డబ్బులు!

అసలు మతలబు ఇక్కడ ఉంది. కొన్ని సైట్లలో టెస్ట్ మొత్తం ఫ్రీగా చేయిస్తారు. అరగంట కష్టపడ్డాక "మీ రిజల్ట్ రెడీ" అని చెప్పి, చూడాలంటే చిన్న మొత్తం కట్టమంటారు. ఇంత చేశాక వదిలేయడం ఎందుకని చాలామంది కట్టేస్తారు. కింద చిన్న అక్షరాల్లో వారం వారం లేదా నెల నెలా సబ్‌స్క్రిప్షన్ అని ఉంటుంది. అది చూసుకోకపోతే డబ్బులు కట్ అవుతూనే ఉంటాయి.

ఇలా మభ్యపెట్టే డిజైన్లను "డార్క్ ప్యాటర్న్స్" అంటారు. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ సీసీపీఏ 2023 నవంబర్ 30న వీటిపై మార్గదర్శకాలు నోటిఫై చేసింది. మొత్తం 13 రకాలను గుర్తించింది. సబ్‌స్క్రిప్షన్ ట్రాప్, అసలు ధరను చివరిదాకా దాచే డ్రిప్ ప్రైసింగ్ కూడా అందులో ఉన్నాయి.

డబ్బులు కట్ అవుతుంటే ఇలా చేయండి:

- యూపీఐ యాప్‌లో ఆటోపే లేదా మ్యాండేట్స్ సెక్షన్ ఓపెన్ చేసి, తెలియని మ్యాండేట్‌ను క్యాన్సిల్ చేయండి.
- కార్డుతో కట్టి ఉంటే బ్యాంక్ యాప్‌లో ఈ-మ్యాండేట్‌లు చూడండి. అవసరం లేకపోతే ఇంటర్నేషనల్ లావాదేవీలను ఆఫ్ చేయండి.
- ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం ఆటో డెబిట్‌కు 24 గంటల ముందు మెసేజ్ రావాలి. ఆ మెసేజ్‌లను లైట్ తీసుకోవద్దు.
- ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. మోసం జరిగిందనిపిస్తే వెంటనే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి.

డబ్బుతో పాటు డేటా కూడా ముఖ్యమే. రిజల్ట్ పేరుతో పిల్లల పేరు, వయసు, క్లాస్, ఫోన్ నంబర్ అడిగితే ఇవ్వొద్దు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్ల డేటా తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి.

9 సెకన్ల పజిల్.. వేలిముద్రల టెస్ట్

"ఈ ఫొటోలో పిల్లిని 9 సెకన్లలో కనిపెడితే మీరు జీనియస్" లాంటి పజిల్స్ కళ్లకు మంచి ఎక్సర్‌సైజ్, అంతే. ఐక్యూతో సంబంధం లేదు. "ఐన్‌స్టీన్‌ను మించిన ఐక్యూ" అనే హెడ్డింగ్‌లనూ అలాగే చూడాలి. ఐన్‌స్టీన్ ఐక్యూ టెస్ట్ రాసినట్టు ఎలాంటి రికార్డు లేదు. ప్రచారంలో ఉన్న నంబర్లన్నీ తర్వాతివాళ్ల ఊహలే.

కొందరు పిల్లల పది వేళ్ల ముద్రలు తీసుకుని తెలివితేటలు, ఏ కోర్సు సూటవుతుంది అన్నీ చెప్పేస్తామంటారు. డీఎంఐటీ పేరుతో రిపోర్ట్ చేతిలో పెడతారు. వేలిముద్రల గీతలతో తెలివిని చెప్పగలమనడానికి శాస్త్రీయ ఆధారం లేదు. దానికి వేలకు వేలు పోయొద్దు.

శకుంతలా దేవి సంగతి గుర్తుచేసుకుంటే ఈ నంబర్ల పిచ్చి కాస్త తగ్గుతుంది. 1980 జూన్ 18న లండన్‌లో రెండు 13 అంకెల సంఖ్యలను 28 సెకన్లలో నోటితో గుణించి రికార్డు కొట్టిన మేధావి ఆమె. 1988లో ఆర్థర్ జెన్సెన్ అనే సైకాలజిస్ట్ ఆమెపై పరీక్షలు చేసి, 1990లో ఫలితాలు ప్రచురించారు. లెక్కల్లో మెరుపు వేగం చూపిన ఆమె, మామూలు రియాక్షన్ టైం పరీక్షల్లో మాత్రం అంత అసాధారణంగా కనిపించలేదు. ఒక పరీక్షలో కనిపించని ప్రతిభ ఇంకో చోట కనిపించొచ్చు.

పిల్లల విషయంలో నిజంగా అనుమానం ఉంటే?

ముందుగా కళ్లు, చెవులు చెక్ చేయించండి. బోర్డు సరిగ్గా కనిపించని పిల్లాడు, టీచర్ మాట సరిగ్గా వినపడని పాప "వెనకబడిన" లిస్టులోకి వెళ్లిపోతుంటారు. డిస్లెక్సియా ఉన్న పిల్లలు చదవడంలో తడబడతారు తప్ప, వాళ్ల తెలివికి లోటుండదు.

సర్కారు బడులు, అంగన్‌వాడీల్లో ఆర్‌బీఎస్‌కే బృందాలు 18 ఏళ్లలోపు పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేస్తాయి. ఎదుగుదలలో ఆలస్యం ఉందా అన్నదీ చూస్తాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సమగ్ర శిక్షా కింద భవిత కేంద్రాలు నడుస్తున్నాయి. మండల విద్యాశాఖ ఆఫీసులో అడిగితే వివరాలు చెబుతారు.

పూర్తి స్థాయి పరీక్ష కావాలంటే ఇబ్రహీంపట్నం వాళ్లు ఎక్కడికో వెళ్లక్కర్లేదు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉన్న ఎన్ఐఈపీఐడీ కేంద్ర ప్రభుత్వ సంస్థ. 1984లో ప్రారంభమైంది. మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే జాతీయ సంస్థ ఇదే. భారతీయ పిల్లల కోసం సొంతంగా ఒక ఇంటెలిజెన్స్ టెస్టును కూడా రూపొందించింది. హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ మరో దారి.

ప్రైవేటుగా వెళ్తే క్లినికల్ సైకాలజిస్ట్‌కు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబర్ ఉందో లేదో అడగండి. ఏ టెస్ట్ చేస్తున్నారు? ఏ భాషలో చేస్తారు? రిపోర్ట్ రాతపూర్వకంగా ఇస్తారా? ఈ మూడు ప్రశ్నలు వేయడానికి మొహమాటపడొద్దు. మంచి నిపుణులు నంబర్ ఒక్కటే చెప్పి పంపించరు. పిల్లాడు ఎందులో గట్టి, ఎక్కడ సాయం కావాలి, ఇంట్లో ఏం చేయాలో వివరిస్తారు.

తరచూ అడిగే ప్రశ్నలు

ఫోన్ టెస్టులో 85 వచ్చింది. కంగారుపడాలా?
అవసరం లేదు. ఆ నంబర్ సరైనదని చెప్పడానికే ఆధారం లేదు. అసలు టెస్టులోనే 85 వచ్చినా అది సాధారణ పరిధి అంచునే ఉన్నట్టు.

140 వచ్చింది. రెజ్యూమెలో పెట్టొచ్చా?
వద్దు. దానికంటే చేసిన ప్రాజెక్ట్, నేర్చుకున్న కోర్సు రాస్తే మేలు.

వైకల్య సర్టిఫికెట్‌కు ఆన్‌లైన్ స్కోర్ పనికొస్తుందా?
పనికిరాదు. ప్రభుత్వం గుర్తించిన వైద్యాధికారులు, నిపుణులు పరీక్షించాలి. ఐక్యూ ఒక్కటే కాదు, రోజువారీ పనులు ఎంతవరకు చేసుకోగలరన్నదీ చూస్తారు.

స్కోర్ చూసి పిల్లలు డల్ అయిపోతే?
ఆ టెస్ట్ ఎందుకు నమ్మదగింది కాదో కూర్చోబెట్టి చెప్పండి. బాధ తగ్గకపోతే టెలిమానస్ హెల్ప్‌లైన్ 14416కు కాల్ చేయొచ్చు. తెలుగులోనూ మాట్లాడతారు.

సరదాగా పజిల్ ఆడాలనిపిస్తే ఆడండి, రిజల్ట్ దగ్గర డబ్బులడిగితే బయటికి వచ్చేయండి. వెనకబడిన పిల్లలకు సాయం చేయడానికి పుట్టిన పరీక్ష ఇది. అదే పేరుతో పిల్లలపై ముద్ర వేయొద్దు.